ఎస్2, టీ2 కాంబో బాక్స్: తిరుపతి మిద్దె మీద సగం పనే

డీడీ ఫ్రీ డిష్ కోసం బాక్స్ అడిగితే అంగళ్లలో రెండు రకాలు చూపిస్తారు. ఒకటి ఉపగ్రహం సిగ్నల్‌ను డిష్‌తో అందుకునే ఉత్త ఎస్2, ఇంకొకటి ఎస్2తో పాటు టీ2 కూడా ఉన్న కాంబో. కాంబో వెనకాల యాంటెన్నాకు ఒక సాకెట్ ఎక్కువ ఉంటుంది. ఎక్కువ డబ్బు తీసుకునేది దానికే. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఆ సాకెట్‌కు పని లేదు.

టీ2 అంటే నేల మీది టవర్ నుంచి వచ్చే డిజిటల్ టీవీ. దాని అసలు చోటు కెన్యా లాంటి దేశం. అక్కడ 2015లో అనలాగ్ ఆపేశారు. చిన్న యాంటెన్నా, టీ2 బాక్స్ ఉంటే బొమ్మ వచ్చేస్తుంది. అయితే 2009లో ఆ దేశం పాత డీవీబీ-టీ పద్ధతిలో మొదలుపెట్టి తర్వాత టీ2కి మారింది. పాత బాక్స్‌కు కొత్త సిగ్నల్ అర్థం కాదు. మన దూరదర్శన్ 2016లో టీ2 మొదలుపెట్టిన 16 నగరాల్లో చెన్నై ఉంది, తిరుపతి లేదు.

కెన్యాకు వచ్చిన చిక్కే ఫ్రీ డిష్‌లోనూ ఉంది. ఎంపెగ్-2, ఎంపెగ్-4 అంటే బొమ్మను కుదించి పంపే పాత, కొత్త పద్ధతులు. చవగ్గా దొరికే ఎంపెగ్-2 బాక్స్‌కు ఎంపెగ్-4 ఛానళ్లు రావు. కొనేటప్పుడు చూడాల్సింది ఇదే. టీ2 లేకపోయినా నష్టం లేదు, ఎంపెగ్-4 లేకపోతే డబ్బు దండగ.

ఎస్2 వైపు మాత్రం కాంబో బాగా పనిచేస్తుంది. ఫ్రీ డిష్ ఛానళ్లు పంపే ఉపగ్రహం జీశాట్-15 ఉండేది 93.5 డిగ్రీల తూర్పున. తిరుపతి నుంచి దిక్సూచిలో 133 డిగ్రీలు, అంటే ఆగ్నేయం. నేల నుంచి పైకి ఎత్తు 67 డిగ్రీలు. కొండలు ఉత్తరాన ఉన్నాయి కాబట్టి అడ్డు రావు, పక్కింటి నీళ్ల ట్యాంకు, కొబ్బరి చెట్టు వస్తాయి. ఆఫ్‌సెట్ డిష్, అంటే సిగ్నల్ పట్టే ఎల్ఎన్‌బీ నడిమధ్యన కాక కింది వైపు ఉండేది, చూడటానికి ఇంకా కిందికి వంగినట్టే ఉంటుంది, అది చూసి పైకి ఎత్తితే సిగ్నల్ పోతుంది. మెనూలో ఎల్ఎన్‌బీ యూనివర్సల్ 9750/10600, ఫ్రీక్వెన్సీ 11090, వర్టికల్, సింబల్ రేట్ 29500 పెట్టి, క్వాలిటీ గీత చూస్తూ డిష్‌ను కొద్దికొద్దిగా జరపాలి. చూడాల్సింది స్ట్రెంగ్త్ గీత కాదు. ఎల్ఎన్‌బీకి కరెంటు అందితే చాలు, డిష్ ఎటు తిరిగి ఉన్నా అది నిండుగానే కనిపిస్తుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా జడివానలో బొమ్మ గడులు గడులుగా విరుగుతుంది. వాన తగ్గాక కూడా రాకపోతే తప్పు వైరు చివర బిగించే ఎఫ్ కనెక్టర్‌లోకి దిగిన నీళ్లది. డిష్ నుంచి బాక్స్‌కు వచ్చే ఆర్‌జీ6 వైరును ఎల్ఎన్‌బీ దగ్గర కిందికి ఒక చుట్టు వేలాడదీసి, మూతికి రబ్బరు టేపు చుట్టాలి. లోపలి రాగి తీగ పచ్చబడి ఉంటే ఆ ముక్క కోసేసి కొత్త కనెక్టర్ వేయాలి. బాక్స్ ఊరికే ఆగి మళ్లీ మొదలవుతుంటే బాక్స్‌ను అనుమానించే ముందు 12 వోల్టుల అడాప్టర్ మార్చి చూడండి.

రిమోట్‌లో టీవీ/రేడియో బటన్ నొక్కితే ఆకాశవాణి కేంద్రాలు వస్తాయి. ఎరుపు, తెలుపు ఆడియో పిన్నులు స్పీకర్‌కు కలిపితే టీవీ ఆపేసి కూడా వినొచ్చు. ఈ ఒక్క సౌకర్యం కోసమే బాక్స్ కొన్నా తప్పులేదు.