ఏడాది మేటి గోల్ఫర్: ఓటా, పాయింట్లా, సగటా? ఏది మేలు?

గోల్కొండ గోల్ఫ్ మైదానంలో మా శనివారం బృందం కలిసి ఆడటం మొదలుపెట్టి ఆరేళ్లయింది. పన్నెండు మందిమి. నయా ఖిలా గోడల పక్కన, గడ్డి మీద మంచు ఆరకముందే మొదటి బంతి కొడతాం. డిసెంబరు చివరి శనివారం ఆ ఏడాది మేటి ఆటగాడికి ఒక చిన్న ఇత్తడి కప్పు ఇస్తాం. క్రితంసారి ఆ కప్పు దగ్గరే మాట పట్టింపు వచ్చింది. పాయింట్ల లెక్కన ముందున్నవారికి ఇచ్చాం. ఏడాదంతా నిలకడగా ఆడినవారికి అన్యాయం జరిగిందని కొందరు నొచ్చుకున్నారు. స్కోరు పుస్తకం నా దగ్గర ఉంటుంది కాబట్టి, ఏ పద్ధతి మేలో తేల్చే పని నాకే అప్పగించారు. ప్రపంచంలో పెద్ద టూర్లన్నీ (ఏడాది పొడుగునా ప్రొఫెషనల్ పోటీలు నడిపే సంస్థలు) ఏటా ఇదే చిక్కులో పడతాయి. వాళ్లు ఎలా తేల్చుకుంటున్నారో చూడటం దగ్గర మొదలుపెట్టాను.

పురుషుల ప్రొఫెషనల్ గోల్ఫ్‌లో ఏడాది చివర ఇచ్చే గౌరవాలకు పేర్లు చాలా ఉన్నా, కొలబద్దలు మూడే. ఒకటి తోటి ఆటగాళ్ల ఓటు. రెండోది పాయింట్లు లేదా ప్రైజ్ మనీ పట్టిక. మూడోది సగటు స్కోరు, అంటే పద్దెనిమిది హోళ్ల రౌండుకు సగటున ఎన్ని స్ట్రోకులు (దెబ్బలు) పట్టాయన్నది; ఎంత తక్కువైతే అంత మేలు. ఈ మూడూ ఒకే మనిషిని చూపించిన ఏడాది ఎవరికీ పేచీ ఉండదు. 2000లో టైగర్ వుడ్స్ విషయంలో ఎవరు ఏం వాదించగలరు? కొలబద్ద గుణం తెలియాలంటే అవి తలో దిక్కు చూపించిన ఏడాదిని పట్టుకోవాలి. నా మటుకు అది 2008.

ఆ ఏడాది ఐర్లండ్ ఆటగాడు పాడ్రిగ్ హారింగ్టన్ జూలైలో రాయల్ బర్క్‌డేల్‌లో ఓపెన్ ఛాంపియన్‌షిప్, ఆగస్టులో ఓక్లాండ్ హిల్స్‌లో పీజీఏ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. అమెరికాలోని పెద్ద టూర్ అయిన పీజీఏ టూర్ ఆటగాళ్ల ఓటు అతనికే పడింది. ఆ టూర్ పాయింట్ల మీద ఇచ్చే ఫెడెక్స్ కప్ మాత్రం, కోటి డాలర్ల బోనస్‌తో సహా, ఫిజీలో పుట్టిన భారత సంతతి ఆటగాడు విజయ్ సింగ్‌కు దక్కింది. సగటు స్కోరుకు ఇచ్చే వార్డన్ ట్రోఫీ స్పెయిన్ ఆటగాడు సెర్గియో గార్సియాకు వెళ్లింది. యూరప్ టూర్ ఆర్డర్ ఆఫ్ మెరిట్‌లో (ఏడాది సంపాదన పట్టికలో) స్వీడన్‌కు చెందిన రాబర్ట్ కార్ల్‌సన్, ఆసియా టూర్ ఆర్డర్ ఆఫ్ మెరిట్‌లో మన జీవ్ మిల్కా సింగ్ మొదటి స్థానంలో నిలిచారు. ఆ నవంబరులో సింగపూర్ ఓపెన్‌లో జీవ్ గెలిచినప్పుడు, ఒక్క స్ట్రోకు తేడాతో వెనకబడినవారిలో హారింగ్టన్ ఒకడు. ఓటు గెలిచినవాడిని పట్టిక గెలిచినవాడు ఓడించాడన్నమాట. ఆ సంగతి గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

వీళ్లందరి వెనక టైగర్ ఉన్నాడు. ఆ ఏడాది పీజీఏ టూర్‌లో అతను ఆడినవి ఆరు టోర్నమెంట్లు, గెలిచినవి నాలుగు. నాలుగోది యూఎస్ ఓపెన్. ఎడమ కాలి ఎముకలో పగుళ్లు, మోకాలి లిగమెంటు తెగి ఉండగా టోరీ పైన్స్‌లో రాకో మీడియేట్‌తో స్కోరు సమం కావడంతో సోమవారం అదనంగా పద్దెనిమిది హోళ్లు, ఆపైన మరొకటి, మొత్తం తొంభై ఒక్క హోళ్లు ఆడి గెలిచాడు. తర్వాత శస్త్రచికిత్స, అంతటితో ఆ సీజన్ ముగిసింది. వార్డన్ ట్రోఫీకి కనీసం అరవై రౌండ్లు ఆడాలి. అతను ఆ దరిదాపుల్లోకి కూడా రాలేదు. 2008లో అందరికన్నా బాగా గోల్ఫ్ ఆడింది ఎవరని నన్నడిగితే టైగర్ పేరే చెబుతాను. 2008 ఎవరి ఏడాది అని అడిగితే హారింగ్టన్‌ది అంటాను. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలని నాకు అర్థమైంది ఆ ఏడాది వల్లే.

ఇక పాయింట్ల సంగతి. 2008 ప్లేఆఫ్స్‌లో, అంటే ఫెడెక్స్ కప్‌ను తేల్చే సీజన్ చివరి పోటీల్లో, మొదటి రెండు పోటీలు గెలిచేసరికి విజయ్ సింగ్ ఎంత ముందుకు వెళ్లిపోయాడంటే, చివరిదైన టూర్ ఛాంపియన్‌షిప్‌లో నాలుగు రౌండ్లూ పూర్తి చేసి కార్డు మీద సంతకం పెడితే చాలు, కప్పు అతనిదే. అట్లాంటాలో ఆ పోటీని గెలిచింది కమీలో విల్లేగాస్. చివరి వారంలో ఉత్కంఠ లేకుండా పోయిందని మరుసటి ఏడాదే లెక్క మార్చారు. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. 2009లో ఫిల్ మికెల్సన్ పోటీ గెలిస్తే కప్పు టైగర్‌కు వెళ్లింది. 2018లో టైగర్ పోటీ గెలిస్తే కప్పు జస్టిన్ రోజ్‌కు వెళ్లింది. ఒకే సాయంత్రం ఇద్దరు విజేతలు. దాంతో 2019 నుంచి పాయింట్లలో ముందున్నవాడు ఒక్క బంతి కూడా కొట్టకముందే పార్‌కు (కోర్సుకు నిర్ణయించిన స్ట్రోకుల సంఖ్యకు) పది తక్కువతో మొదలుపెట్టే పద్ధతి తెచ్చారు. 2025లో దాన్నీ తీసేశారు. ఇప్పుడు ముప్పై మందీ సమానంగా మొదలుపెడతారు, ఆ వారం గెలిచినవాడే కప్పు విజేత. 2025లో టామీ ఫ్లీట్‌వుడ్ అలా గెలిచాడు. పీజీఏ టూర్‌లో అతనికి అదే తొలి విజయం. ఎన్నో ఏళ్లు అంచు దాకా వచ్చి ఆగిపోయిన మనిషి అతను. ఆ రాత్రి నిద్ర మానుకుని చూశాను, చాలా సంతోషించాను. కానీ అది నాలుగు రోజుల ఆటకు దక్కిన బహుమతి. ఏడాదిని కొలిచే పని ఫెడెక్స్ కప్ ఇప్పుడు చేయడం లేదు.

పీజీఏ టూర్‌కు పోటీగా వచ్చిన లివ్ గోల్ఫ్‌లో 2025 ఇంకా ఆసక్తికరం. హ్వాకిన్ నీమన్ ఐదు టోర్నమెంట్లు గెలిచాడు. సీజన్ ఛాంపియన్ మాత్రం జాన్ రామ్. అతను ఆ ఏడాది అక్కడ వ్యక్తిగతంగా ఒక్క పోటీ కూడా గెలవలేదు. రామ్ అనర్హుడని నేను అనను. దాదాపు ప్రతి వారం పైవరసలోనే ఉన్నాడు. కానీ ఒక గెలుపు ఎన్ని రెండో స్థానాలకు సమానం? ఈ ప్రశ్నకు జవాబు ఆటలో ఎక్కడా లేదు, పట్టిక తయారుచేసినవారి మనసులో ఉంది. నాకు పాయింట్ల మీద నమ్మకం సడలింది ఇక్కడే. పాయింట్ల పట్టిక కూడా ఒక ఓటే. ఏడాది మొదలుకాకముందు, ఒక్క షాట్ కూడా చూడకముందు వేసిన ఓటు. 2019లో పీజీఏ ఆఫ్ అమెరికా (పీజీఏ టూర్ కాదు, వేరే సంస్థ) తన పాయింట్ల లెక్కతో బ్రూక్స్ కెప్కాను ఏడాది ఆటగాడన్నది. పీజీఏ టూర్ ఆటగాళ్లు అదే బిరుదుకు రోరీ మెకిల్‌రాయ్‌ని ఎన్నుకున్నారు.

అయినా పట్టికను తేలిగ్గా తీసిపారేయడానికి నాకు చేతులు రావు. మన ఆటగాళ్లకు అది బతుకుతెరువు. ఆసియా ఆర్డర్ ఆఫ్ మెరిట్‌ను 2002లో జ్యోతి రంధావా, 2006లోనూ 2008లోనూ జీవ్, 2015లో అనిర్బన్ లాహిరి, 2018లో శుభంకర్ శర్మ గెలిచారు. గోల్కొండలోనూ పోటీలు జరిపే మన దేశవాళీ టూర్ పీజీటీఐలో ఆర్డర్ ఆఫ్ మెరిట్ గెలిచినవారికి యూరప్‌లోని డీపీ వరల్డ్ టూర్ తలుపు తెరుచుకుంటుంది. 2024లో వీర్ అహ్లావత్ అలాగే వెళ్లాడు. ఓటుతో వచ్చే బిరుదు గోడకు అందం, పట్టికలో స్థానం మరుసటి ఏడాదికి పని. ఉద్యోగం ఎవరికివ్వాలో తేల్చడానికి ముందే ప్రకటించిన లెక్కే ఉండాలి, అక్కడ ఓటు పెడితే ఘోరం. మేటి ఎవరో చెప్పే పని కూడా ఆ లెక్కకే ఎందుకు అప్పగించాలన్నదే నా అభ్యంతరం.

ఓటు బలం ఏమిటంటే, వేసేవాళ్లు అదే గాలిలో, అవే గ్రీన్ల మీద ఆడినవాళ్లు. పీజీఏ టూర్‌లో ఆ సీజన్‌లో కనీసం పదిహేను పోటీలు ఆడిన సభ్యులకే ఓటు. 2024లో స్కాటీ షెఫ్లర్‌కు 91 శాతం పడ్డాయి. 2025లో రోరీ మాస్టర్స్ గెలవడంతో గోల్ఫ్‌లో అతిపెద్ద పోటీలైన నాలుగు మేజర్లూ కెరీర్‌లో గెలిచినవాడయ్యాడు. మనసు అటే లాగుతుంది. కానీ షెఫ్లర్ రెండు మేజర్లతో సహా ఆరు గెలిచాడు. ఆటగాళ్లు మనసుకు లొంగకుండా వరుసగా నాలుగోసారి అతన్నే ఎన్నుకున్నారు. నేనైతే వాళ్లను మెచ్చుకుంటాను. లోపం కూడా ఉంది. ఆ ఓటు టూర్ సరిహద్దు దాటదు. 2024లో యూఎస్ ఓపెన్ గెలిచిన బ్రైసన్ డిషాంబో లివ్ ఆటగాడు కావడంతో ఆ ఓటింగ్‌లో అతని పేరే లేదు.

మిగిలింది సగటు. వార్డన్ ట్రోఫీ 1937లో మొదలైంది. తొలినాళ్లలో అదీ పాయింట్ల మీదే ఇచ్చారు, 1947 నుంచి సగటు స్కోరుకు మారింది. పేరు చూసి పొరబడకూడదు, యూరప్‌లో హ్యారీ వార్డన్ ట్రోఫీ అంటే డీపీ వరల్డ్ టూర్ పట్టిక అయిన రేస్ టు దుబాయ్ పాయింట్లలో మొదటివాడికి ఇచ్చేది. రోరీ దాన్ని 2025లో ఏడోసారి అందుకున్నాడు, కాలిన్ మాంట్‌గోమరీ ఎనిమిదికి ఇంకొక్కటే తక్కువ. అమెరికాలో పీజీఏ టూర్ సొంతంగా 1980 నుంచి బైరన్ నెల్సన్ పేరిట సగటు బహుమతి ఇస్తోంది. ఆ నెల్సన్ 1945లో పద్దెనిమిది టోర్నమెంట్లు, అందులో వరుసగా పదకొండు గెలిచాడు. యుద్ధం వల్ల ఆపేయడంతో ఆ ఏడాది వార్డన్ ట్రోఫీ ఎవరికీ ఇవ్వలేదు!

సగటు అంటే ఉత్త భాగాహారం కాదు. ఆ రోజు మిగతావాళ్లంతా ఎంత కొట్టారో చూసి దాన్ని బట్టి స్కోరును సవరిస్తారు. మేలో గోల్కొండ ఎండలో కొట్టిన 82కూ డిసెంబరు చల్లటి పొద్దున కొట్టిన 82కూ ఒకే విలువ ఇవ్వకూడదని మాకు తెలియదా? ఆ న్యాయం ఇందులో ఉంది. గురువారం మూడో హోల్‌లో పోగొట్టుకున్న స్ట్రోకూ ఆదివారం చివరి హోల్‌లో పోగొట్టుకున్నదీ దీనికి సమానమే. బలమూ అదే, బలహీనతా అదే. టైగర్ 2000లో సాధించిన 67.79ను చూస్తే ఆ ఏడాది ఎంత గొప్పగా ఆడాడో తెలుస్తుంది. పెబుల్ బీచ్ యూఎస్ ఓపెన్‌ను పదిహేను స్ట్రోకుల తేడాతో గెలిచాడని ఆ అంకె చెప్పదు.

కాబట్టి ప్రొఫెషనల్ గోల్ఫ్‌కు నా ఎంపిక ఓటు, సందేహం లేదు. మా పన్నెండు మందికి మాత్రం సగటే మేలు. అందరం ఒకరి ఇళ్లకు ఒకరం వెళ్లేవాళ్లం, మాలో ఓటు పెడితే అది స్నేహాన్ని కొలుస్తుంది. మా మధ్య మేజర్లు లేవు. ఒక శనివారం ఇంకో శనివారం కన్నా గొప్పది కాదు.

క్రితం ఏడాది పుస్తకం తీసి లెక్క మళ్లీ వేశాను. ప్రతి స్కోరు నుంచి హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే స్ట్రోకుల మినహాయింపు) తీసేసి, ఆ రోజు బృందం సగటుతో పోల్చాను. కనీసం ఇరవై రౌండ్లని గీత గీశాను. పాయింట్లలో గెలిచిన సభ్యుడు ఏడు శనివారాలు మొదట నిలిచాడు, తొమ్మిది శనివారాలు అట్టడుగున ఉన్నాడు. సగటులో అతను నాలుగోవాడు. మొదట వచ్చింది మా అందరికన్నా పెద్దాయన. ముప్పై ఎనిమిది రౌండ్లు ఆడి ఒక్క శనివారం కూడా గెలవలేదు. పాయింట్ల పట్టిక గెలుపుకు అంత బరువు పెట్టింది మరి, ఆయన దాని మీద ఆరో వరసలో ఉండిపోయారు. రామ్ ఐదు గెలుపుల నీమన్‌ను దాటిపోవడం మొదట్లో నాకు మింగుడు పడలేదు. ఈ పెద్దాయన కార్డులు ముప్పై ఎనిమిదీ వరసగా పేర్చి చూశాక ఆ సంకోచం పోయింది. ఆయన అన్నింటికన్నా చెడ్డ రౌండు కూడా బృందం సగటుకు రెండు స్ట్రోకులే ఎక్కువ.

ఇచ్చిన కప్పు వెనక్కి తీసుకోమని అడగను. వచ్చే శనివారం ఆట అయ్యాక పుస్తకం బల్ల మీద పెట్టి, ఈ జనవరి నుంచి లెక్క మారుద్దామని ప్రతిపాదిస్తాను. ఆ ముప్పై ఎనిమిది కార్డులూ పెద్దాయనకు ఒక కవరులో పెట్టి ఇస్తాను.