మండువాలో వాన పడాలి: ముమ్మిడివరం వైపు ఒక పాత లోగిలిలో రెండు రాత్రులు

మా నాన్నకి 71 ఏళ్ళు. వడ్రంగి. తాతయ్యా వడ్రంగే, రామచంద్రపురం, మండపేట వైపు చాలా మండువా ఇళ్ళకి దూలాలు ఎక్కించారు. నేను హైదరాబాదులో మాడ్యులర్ కిచెన్లు చేసే వర్క్‌షాపు నడుపుతున్నాను. మా దగ్గర చెక్క వాసన కన్నా జిగురు వాసనే ఎక్కువ. నాన్న మోకాళ్ళు సహకరిస్తున్నప్పుడే ఆయనతో కలిసి అలాంటి ఇంట్లో రెండు రోజులు ఉండాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. శ్రావణమాసంలో కుదిరింది.

ఇది కోనసీమలో, ముమ్మిడివరం వైపు, గౌతమి పాయకి దగ్గరలో ఉన్న ఊరు. ఇంటివాళ్ళ పిల్లలు బయట స్థిరపడ్డారు. రెండేళ్ళ నుంచి ముందు భాగంలో నాలుగు గదులు అతిథులకి ఇస్తున్నారు. వెనక భాగంలో 84 ఏళ్ళ మామ్మగారు ఉంటారు. ఇద్దరికి రోజుకి 4,500 రూపాయలు, భోజనాలతో కలిపి. నేను చెప్పబోయే లోపాలు వాళ్ళు సరిదిద్దుకోగలిగినవే, అందుకని ఇంటి పేరు రాయడం లేదు. ఇలాంటి ఇంట్లో బస చూసుకునేవాళ్ళు ఏం గమనించాలో చెప్పడం కోసమే ఈ రివ్యూ.

కారు దిగగానే నాన్న చెప్పులు వీధిలోనే వదిలేశారు. అరుగు ఎక్కి, గడపకి చెయ్యి తాకించి కళ్ళకద్దుకున్నారు. ఆ గడప మధ్యలో దోసిలిలా అరిగిపోయి ఉంది. మేనేజరు కుర్రాడు రిజిస్టరు పట్టుకుని నిలబడితే, ఆయన తలుపు అంచు మీద వేలు రాస్తూ "చిత్రికతో కాదురా, ఇది బాడిసతోనే తీశారు, చూడు గాట్లు" అన్నారు. చిత్రిక చెక్కని నున్నగా చేసే పనిముట్టు, బాడిస దెబ్బ దెబ్బకీ చెక్కేది. ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు చూస్తే నిజంగానే చేప పొలుసుల్లా సన్నటి గాట్లు కనిపించాయి. నేను ఒక్కడినే వచ్చి ఉంటే వాటిని చూడకుండానే లోపలికి వెళ్ళిపోయేవాణ్ణి.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. మండువా అంటే ఇంటి నడిమధ్య ఆకాశానికి తెరిచిన చోటు, అది ఉన్న ఇల్లు మండువా లోగిలి. నాలుగు వైపుల పెంకుల కప్పులూ దాని మీదకి వాలి ఉంటాయి. వాననీరు నాలుగు అంచుల నుంచి మధ్యలోని పల్లంలో పడి, తూము గుండా పెరట్లోకి పోతుంది. వేసవిలో వేడిగాలి ఆ ఖాళీలోంచే పైకి వెళ్ళిపోతుంది. చుట్టూ గదుల్లోకి వెలుతురు అక్కడినుంచే వస్తుంది. మిగతా ఇల్లంతా ఆ ఖాళీ చుట్టూ కట్టిందే.

నాన్న స్టూలు అడిగి దూలాల కింద నిలబడ్డారు. స్తంభం మీద దూలం కూర్చున్న చోట మూడు గాట్లు. దూలం వైపూ మూడు గాట్లు. పక్క స్తంభం దగ్గర నాలుగూ నాలుగూ. ముందు నేల మీదే జతలు కలిపి చూసుకుని, గుర్తులు పెట్టుకుని, విప్పి, తర్వాత పైన ఎక్కించేవారట. మేకు ఒక్కటీ లేదు, చెక్కలో చెక్క బిగించిందే. "మీ తాత అయిదు దాటితే అడ్డగీత పెట్టేవాడు" అన్నారు నాన్న. ఈ ఇంట్లో ఆ అడ్డగీత లేదు. కాసేపు అన్ని మూలలూ వెతికారు. లేదు. ఇది తాతయ్య పని కాదు. అయినా ఆ కట్టినవాడి చెయ్యి నాన్నకి అర్థమైంది. ఎక్కడ తొందరపడ్డాడో, ఎక్కడ చెక్క ముడి అడ్డొస్తే పక్కకి తప్పుకున్నాడో చూపించారు. పాత ఇళ్ళకి ప్రాణం ఉంటుందని అందరూ అనే మాటని నేను అంతవరకు పైపైనే విన్నాను. ఆ ప్రాణం ఎక్కడుందో ఆ సాయంత్రం స్టూలు పట్టుకుని నిలబడినప్పుడు చూశాను.

ఆ కలప బర్మా టేకు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ డెల్టాలో కాలువల కింద వరి పండి, కొన్ని కుటుంబాల చేతిలో డబ్బు నిలిచింది. రంగూన్ నుంచి టేకు తెప్పించుకునే స్తోమత అలా వచ్చింది. ఇదే గోదావరి తీరం నుంచి కూలి కోసం ఓడలెక్కి రంగూన్ వెళ్ళినవాళ్ళూ వేలల్లో ఉన్నారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలనే పిలిచేవారు. 1942లో జపాన్ దాడి అప్పుడు ఎంతోమంది కొండలు, అడవుల గుండా నడిచి వచ్చేశారు. ఇంటి ముందు పెట్టిన పరిచయం బోర్డులో టేకు గురించి ఉంది, ఆ మనుషుల గురించి ఒక్క ముక్క లేదు. ఉంటే బాగుండేది.

ఇక లోపాలు. మొదటిది, పెద్దది. ముందు మండువా మీద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు బిగించారు. అతిథుల సామాను తడవకూడదని, కోతులు దిగకూడదని కారణం చెప్పారు. మొదటి రాత్రి పదకొండింటికి వాన మొదలైంది. షీటు మీద ఆ మోతకి పక్క మంచం మీద ఉన్న నాన్న మాట నాకు వినపడలేదు. చుక్క నీరు కింద పడలేదు. చల్లదనం లేదు, మట్టి వాసన లేదు, ఉక్కపోత మాత్రం ఉంది. నాన్న లేచి స్తంభానికి ఆనుకుని చాలాసేపు కూర్చున్నారు. వానకి దారి వదిలి కట్టిన ఇంట్లో వాననే బయట నిలబెట్టారు. నాకు చాలా బాధ కలిగింది.

రెండోది, మా గదిలో పాత సున్నపు పూత కొట్టేసి సిమెంటు పూసి, మీద ప్లాస్టిక్ పెయింటు వేశారు. ఆ కాలపు గోడ గానుగలో నూరిన సున్నంతో చేసింది, చెమ్మ పీల్చి బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేసింది. ఏసీ వెనక గోడ అప్పుడే ఉబ్బి పెచ్చులూడుతోంది. స్తంభాలకి కొట్టిన మెరిసే వార్నిషు కూడా నాన్నకి నచ్చలేదు. చెయ్యి పెడితే చెక్క తగలడం లేదన్నారు.

భోజనం గురించి ఫిర్యాదు లేదు. ఆవ పెట్టిన కంద బచ్చలి కూర, కొబ్బరి పచ్చడి, ముక్కల పులుసు, గడ్డ పెరుగు. వడ్డించే అమ్మాయి "ఇంకొంచెం వేసుకోండి, ఆయ్" అంటూ దగ్గరుండి పెట్టింది.

రెండో రోజు పొద్దున్న వాళ్ళ కారులోనే యానాం మీదుగా కోరంగి మడ అడవికి వెళ్ళాం. అది వాళ్ళ ప్యాకేజీలో భాగమే, కానీ డ్రైవరు గంటన్నరలో వచ్చేయమన్నాడు. అది చాలదు. మడ అడవి మొదట ఏమీ చెప్పదు. బురద, ఊపిరి కోసం నేలలోంచి మేకుల్లా పైకి లేచిన వేళ్ళు, ఒక పక్కకి నడిచే పీతలు. అరగంట మాట్లాడకుండా నిలబడితే అప్పుడు వినిపిస్తుంది, ఆటుకి నీరు తగ్గుతుంటే బురదలోంచి వచ్చే చిటపట. ఒకప్పుడు ఓడలు కట్టి, మరమ్మతు చేసిన రేవు ఇది. 1789లో ఒకసారి, 1839 నవంబరులో ఇంకోసారి ఉప్పెన వచ్చి ఊరిని తుడిచిపెట్టింది. ఆ రేవు తాలూకు సందడి ఇప్పుడు ఏమీ లేదు. "ఓడలు కట్టినవాళ్ళూ మనవాళ్ళేరా, వడ్రంగులే" అన్నారు నాన్న. మేము ఉన్న ఇంటి దూలాలూ ఈ తీరం మీదకే దిగి ఉంటాయన్న ఆలోచన వచ్చాక నాకు అక్కడినుంచి కదలబుద్ధి కాలేదు. డ్రైవరు రెండుసార్లు ఫోన్ చేశాడు. మీరు వెళ్తే కారు విడిగా మాట్లాడుకోండి.

సాయంత్రం తిరిగొచ్చాక మామ్మగారు కబురు పెట్టారు. దూలాలు చూస్తున్నది ఎవరో చూద్దామని. ఇది రెండు మండువాల ఇల్లని అప్పుడు తెలిసింది. వెనక వంటింటి వైపు చిన్న మండువా ఉంది, దాని మీద షీటు లేదు. "అది వేస్తే నేను ఈ ఇంట్లో ఉండనని చెప్పాను బాబూ" అన్నారావిడ. స్తంభం మీద నా గుండెలంత ఎత్తులో కత్తితో గీసిన గీత చూపించారు. 1986 ఆగస్టు వరద గుర్తు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన వరద అది. రెండు రోజులు అటక మీద, ధాన్యం బస్తాల పక్కన, పిల్లలతో కూర్చున్నారట. 1996 నవంబరు తుఫానుకి పెంకులు సగం లేచిపోయాయి, పెరట్లో కొబ్బరిచెట్లు పడిపోయాయి, దూలాలు కదల్లేదు. "కట్టినవాడి చెయ్యి మంచిదమ్మా" అన్నారు నాన్న. ఆవిడ కట్టినాయన పేరు చెప్పారు. ముందు ఉన్న బోర్డు మీద ఆ పేరు లేదు.

ఏడింటికి మళ్ళీ వాన. మమ్మల్ని వెళ్ళమనలేదావిడ, పీటలు వేయించారు. నాలుగు చూరుల నుంచి నాలుగు తెరలుగా నీళ్ళు దిగాయి. గంగాళం ఒకటి చూరు కింద పెట్టారు, అది నిండుతుంటే మోత మారుతూ వచ్చింది. తుంపర మా కాళ్ళ దాకా వచ్చింది. దీపం గూట్లో ప్రమిద వెలుగుతూనే ఉంది, గాలి ఆ మూలకి తిరగదు, గూడు అక్కడ పెట్టింది అందుకే. గంటసేపు ముగ్గురం పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. మా డబ్బుకి దొరికింది ఆ గంటే అనుకుంటే కూడా నాకు సరిపోయింది. కానీ అది ప్యాకేజీలో లేదు, మామ్మగారి దయ.

అయిదుకి నాలుగు ఇస్తాను. వెళ్ళాలనుకునేవాళ్ళు ఏసీ గది వద్దని, పడమటింటి గది అడగండి. దానికి ఇంకా పాత సున్నమే ఉంది, ఫ్యాను చాలు. పెద్దవాళ్ళతో వెళ్తే గడపలు ఎత్తని గుర్తుంచుకోండి, స్నానాల గది రాత్రిపూట కొంచెం దూరం. కట్టిన వడ్రంగి ఎవరని అడగండి. నలుగురూ అడిగితే బోర్డు మీదకి వస్తుంది.

బయలుదేరే ముందు షీటు సంగతి మేనేజరుకి చెప్పాను. కోతులకైతే పైన ఇనప వల చాలని నాన్న కాగితం మీద గీసి ఇచ్చారు. కింద కొలతలు కూడా వేశారు. ఓనరుతో మాట్లాడి చెప్తానన్నాడు. షీటు తీసేశామని ఫోన్ వస్తే వచ్చే వానాకాలం మళ్ళీ వెళ్తాం. వానకి ఉబ్బి పట్టేసిన పెరటి తలుపు ఒకటి ఉందట, చిత్రిక తెచ్చుకుంటానని నాన్న మామ్మగారికి మాటిచ్చారు.