మామూలు సిగరెట్టు, 'లైట్' సిగరెట్టు: తేడా ఎక్కడ?

అమెరికాలో దశాబ్దాల పాటు ఈ రెండు పెట్టెలూ దుకాణాల్లో పక్కపక్కనే ఉండేవి. ముఖ్యమైన తేడా ఫిల్టర్ దగ్గర ఉంది. లైట్ రకంలో దాని చుట్టూ కంటికి ఆనీ ఆనని సన్నని రంధ్రాల వరుస ఉంటుంది. పీల్చినప్పుడు వాటిలోంచి గాలి చొరబడి పొగను పలచన చేస్తుంది.

సిగరెట్టు పొగను కొలిచే పరీక్ష యంత్రం దగ్గర లైట్‌దే గెలుపు. పాత పద్ధతిలో యంత్రం నిమిషానికి ఒకసారి, 2 సెకన్ల పాటు, 35 మిల్లీలీటర్ల పొగ లాగేది. రంధ్రాలు తెరిచే ఉంటాయి కనుక తారు (పొగలోని జిగట హానికర పదార్థం) తక్కువగా నమోదయ్యేది. మనిషి యంత్రం కాడు కదా! నికోటిన్ చాలకపోతే గట్టిగా, లోతుగా, ఎక్కువసార్లు లాగుతాడు. వేళ్లతోనో పెదవులతోనో తెలియకుండానే ఆ రంధ్రాలు మూసేస్తాడు. ఇక యంత్రం చూపిన అంకెకూ ఊపిరితిత్తుల్లోకి చేరేదానికీ పొంతన ఎక్కడిది?

మామూలు సిగరెట్టు గొంతు గీరుతుంది, లైట్ మెత్తగా దిగుతుంది. నా దృష్టిలో పెద్ద మోసం ఈ మెత్తదనమే. మానేయాలనుకున్నవారు చాలామంది రకం మార్చి ఊరుకున్నారు.

హాని సంగతిలో లైట్‌కు మార్కులేమీ రావు. పొగతాగేవారిలో అడినోకార్సినోమా అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరగడానికి 1950ల తర్వాత సిగరెట్ల తయారీలో వచ్చిన మార్పులే కారణమని 2014 నాటి సర్జన్ జనరల్ (అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య ఉన్నతాధికారి) నివేదిక తేల్చింది. రంధ్రాల ఫిల్టర్‌కూ అందులో పాత్ర ఉండవచ్చని పేర్కొంది.

2009 చట్టంతో 'లైట్' అనే మాట పెట్టెల మీద నుంచి పోయింది. దాని స్థానంలో 'గోల్డ్', 'సిల్వర్' వచ్చాయి. రంధ్రాలు అలాగే ఉన్నాయి.