మా స్పెల్‌చెకర్‌కు చందాలు: యూపీఐ, గేట్‌వే, ఓపెన్ కలెక్టివ్‌లలో ఏది ఎవరికి

ముందే చెప్పేస్తాను. మీది పదిమంది కలిసి తీరిక వేళల్లో చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ అయి, చందాలిచ్చేవాళ్లు ఎక్కువగా మన దేశంలోనే ఉంటే మామూలు యూపీఐ చాలు. రుసుము లేదు, డబ్బు క్షణాల్లో ఖాతాలో పడుతుంది.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, రాజమండ్రిలో ఉంటాను. తెలుగులో అక్షరదోషాలు పట్టే ఒక స్పెల్‌చెకర్‌ను కొందరు పిల్లలు ఉద్యోగాలు చేసుకుంటూనే తయారుచేస్తున్నారు. దాని జమాఖర్చులు నేను చూస్తాను. ఖర్చులు పెద్దవేం కావు: డొమైన్, సర్వర్, అప్పుడప్పుడు పదాల జాబితాలు టైపు చేయించడం. అయినా ఇచ్చేది ఒకరి కష్టార్జితం. ప్రతి రూపాయికీ లెక్క ఉండాలన్నది నా పట్టుదల.

యూపీఐలో అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. క్యూఆర్ స్కాన్ చేయగానే దాత ఫోన్లో కనిపించేది ప్రాజెక్టు పేరు కాదు, బ్యాంకు ఖాతాలో ఉన్న మనిషి పేరు. స్పెల్‌చెకర్‌కు ఇద్దామని వచ్చినవాళ్లకు ముక్కూముఖం తెలియని పేరు ఎదురైతే చెయ్యి ఆగుతుంది. ఆగాలి కూడా, మోసాలు అలా ఉన్నాయి మరి. అందుకే క్యూఆర్ పక్కనే ‘మీకు ఫలానా పేరు కనిపిస్తుంది, ఆవిడ మా కోశాధికారి’ అని పెద్దక్షరాల్లో రాయించాను. అది పెట్టాక ఫోన్ చేసి ‘ఇది మీరేనా అమ్మా?’ అని అడిగేవాళ్లు తగ్గారు.

ఇంకొకటి. మన పేజీని చాలామంది ఫోన్లోనే చూస్తారు. ఆ ఫోన్ తెరమీది క్యూఆర్‌ను అదే ఫోన్ కెమెరాతో స్కాన్ చేయలేరు కదా. పోనీ నొక్కితే యాప్ తెరుచుకునే లింకు పెడదామంటే, వ్యక్తిగత ఐడీకి అలా వెళ్లే డబ్బును కొన్ని యాప్‌లు భద్రత పేరు చెప్పి ఆపేస్తాయి. కాబట్టి యూపీఐ ఐడీని బొమ్మలో కాకుండా అక్షరాల్లో, ఒక్కసారి నొక్కితే కాపీ అయ్యేలా పెట్టండి. ఎంత ఇవ్వాలన్నది మాత్రం ఖాళీగా వదిలేయండి. మనవాళ్లు నూటపదహార్లు, అయిదువందల పదహార్లు ఇస్తారు. వందా, అయిదువందలూ అని ముందే నింపిపెడితే ఆ మర్యాదను మనమే తీసేసినట్టవుతుంది.

ఖాతా విడిగా ఉండాలి, ఇంటి ఖర్చుల ఖాతాలో కలపొద్దు. ఇద్దరి పేర్ల మీద తెరిచి, ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు కదిలేలా పెట్టుకోవడం నాకిష్టం. కానీ అలాంటి ఖాతాకు చాలా బ్యాంకుల్లో యూపీఐ రాదు. ఇద్దరిలో ఎవరైనా నడిపే పద్ధతికి ఒప్పుకుని, నెలనెలా లెక్కలు అందరికీ కనపడేలా పెడుతున్నాం.

గేట్‌వే సంగతి. అంటే దాతల దగ్గర ఆన్‌లైన్లో డబ్బు తీసుకుని మన ఖాతాకు చేర్చే కంపెనీ. రేజర్‌పే లాంటివాటి సాధారణ ధర 2 శాతం, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ. నూటపదహార్లిస్తే మనకు చేరేది 113 రూపాయల 26 పైసలు. అదేం దోపిడీ కాదు. ప్రాజెక్టు పేరు కనిపిస్తుంది, రసీదు దానంతటదే వెళ్తుంది, కార్డులు పనిచేస్తాయి, నెలనెలా ఇచ్చేవాళ్లకు యూపీఐ ఆటోపే పెట్టొచ్చు. ఆటోపేలో 15,000 రూపాయల లోపు అయితే ప్రతిసారీ పిన్ కొట్టక్కర్లేదు, డబ్బు తీసేముందు రోజే కబురు వస్తుంది. దాతకు అంతకంటే ఏం కావాలి? కాకపోతే రసీదు వచ్చింది కదా అని పన్ను మినహాయింపు ఉందనుకుంటారు. దాతకు ఆ మినహాయింపు ఇప్పించే గుర్తింపు (80జీ అని పిలిచేది) మనకు లేకపోతే, మినహాయింపు లేదని డబ్బు కట్టే బటన్ పైనే రాయాలి, కింద చిన్నక్షరాల్లో కాదు.

మా పిల్లలు గిట్‌హబ్ స్పాన్సర్స్ అన్నారు. గిట్‌హబ్ అంటే ప్రోగ్రాములు రాసేవాళ్లు తమ కోడ్ పెట్టుకునే సైటు, స్పాన్సర్స్ అందులో చందాలిచ్చే ఏర్పాటు. వ్యక్తిగత ఖాతాల నుంచి ఇచ్చేదాంట్లో గిట్‌హబ్ పైసా ఉంచుకోదు, మంచిదే. కానీ మా స్పెల్‌చెకర్ వాడేది తెలుగు పంతుళ్లు, డీటీపీ ఆపరేటర్లు, ప్రూఫులు చూసేవాళ్లు. వాళ్లకు గిట్‌హబ్ ఖాతా ఎందుకుంటుంది?

జాగ్రత్త పడాల్సింది విదేశాల నుంచి వచ్చే డబ్బు దగ్గర. బయటి నుంచి విరాళం తీసుకోవాలంటే విదేశీ విరాళాలను నియంత్రించే ఎఫ్‌సీఆర్ఏ చట్టం అడ్డొస్తుంది. దాని కింద రిజిస్టరు కావాలంటే సంస్థకు మూడేళ్ల వయసుండాలి, ఆ మూడేళ్లలో ఆశయాల మీద 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి, ఖాతా ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరవాలి. మాకది అయ్యే పని కాదు.

ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. డాలస్‌లో అన్నదమ్ములిద్దరుంటే, భారత పౌరసత్వం ఉన్న తమ్ముడు తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న అన్న ఇస్తే అవుతుంది, భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే. తమ్ముడు ఎన్‌ఆర్ఓ ఖాతాకు (విదేశాల్లో ఉండే భారతీయులు ఇక్కడి బ్యాంకులో తెరిచేది) అమెరికా నంబరే జతచేసుకుని యూపీఐ చేయొచ్చు, 2023 నుంచి ఆ వీలుంది. అన్నకు మేం చూపించేది ఓపెన్ కలెక్టివ్ అనే చందాల వెబ్‌సైటు. అక్కడ ఓపెన్ సోర్స్ కలెక్టివ్ అనే అమెరికా సంస్థ డబ్బు తన దగ్గరుంచి 10 శాతం తీసుకుంటుంది. ఎక్కువే, కానీ ఎవరిచ్చారో, దేనికి పోయిందో మొత్తం జమాఖర్చు లోకమంతా చూడొచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. యూపీఐ లెక్కలు కూడా అదే వరసలో రాస్తున్నాను.

ఇక పన్ను. బంధువులు కానివాళ్ల నుంచి ఒక మనిషి ఖాతాలోకి ఆర్థిక సంవత్సరంలో వచ్చిన కానుకలు 50,000 దాటితే, దాటినంత మేరకే కాదు, మొత్తమంతా ఆదాయం కింద లెక్కకొస్తుంది. మా చందాలు ఆ గీతకు దగ్గరవుతున్నాయి. అందుకే ట్రస్టు రిజిస్ట్రేషన్‌కు కాగితాలు సిద్ధం చేయిస్తున్నాను. అది పూర్తయి ట్రస్టు పేరున ఖాతా తెరిచాకే గేట్‌వే పెడతాం.