సిల్వర్ చిన్చిల్లా పేరుతో బ్లూ పర్షియన్: విజయవాడ, గుంటూరు కొనుగోలుదారులకు హెచ్చరిక

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో పొడవు జుట్టు పర్షియన్ జాతి పిల్లికూనను, అందులోనూ ‘సిల్వర్ చిన్చిల్లా’, ‘షేడెడ్ సిల్వర్’ వంటి (వెంట్రుక మొదలు తెల్లగా ఉండి, పై భాగంలోనే రంగు ఉండే) రంగు పేరు చెప్పి అధిక ధర అడుగుతున్న కూనను కొనదలచినవారు అడ్వాన్సు ఇచ్చే ముందు ఈ వివరాలు చదవవలసిందిగా కోరుతున్నాను. ఇంట్లో ముద్దుగా పెంచుకొనే పిల్లికి రంగుతో పనేమిటని అడిగేవారితో నాకు పేచీ లేదు. అయితే ఆ రంగు పేరు మీదనే ధరను రెండింతలు చేసి అమ్మినప్పుడు, చెప్పిన రంగు నిజంగా ఉండి తీరాలి కదా.

జరిగినది ఇది. ఇంటి నుంచే పిల్లికూనలను అమ్మే విజయవాడలోని ఒక వ్యక్తి వద్ద మా కుటుంబం రెండు నెలల మగ పర్షియన్ కూనను 38,000 రూపాయలకు తీసుకొంది. అదే ఇంట్లో, అదే ముఖ కవళికలతో ఉన్న బ్లూ కూనలకు, అంటే ఒళ్ళంతా బూడిద రంగులో ఉండే మామూలు కూనలకు, వారు చెప్పిన ధర 16,000 రూపాయలు. మా కూన ఒంటి మీద నీడల్లాంటి పలుచని చారలు ఉండేవి. అవి చిన్చిల్లా కూనల లక్షణమని, పెద్దయ్యేసరికి చారలు పోయి వెండి మెరుపు బయటపడుతుందని, కళ్ళు ఆకుపచ్చగా మారతాయని చెప్పి, వంశపత్రం పేరుతో లామినేషన్ చేసిన ఒక కాగితాన్ని కూడా చేతిలో పెట్టారు. చారలు నిజంగానే పోయాయి. ఆ తరువాత మిగిలినవి మొదలు నుంచి కొస వరకు ఒకే బూడిద రంగులో ఉన్న వెంట్రుకలు, రాగి రంగు కళ్ళు, బూడిద రంగు ముక్కు. పటమటలో మా పిల్లికి టీకాలు వేసే పశువైద్యులు వీపు మీది జుట్టును పాయ తీసి చూసి, ఇది బ్లూ పర్షియన్ అని ఒక్క మాటలో తేల్చారు.

ఈ మోసం ఇంత సులభంగా సాగడానికి కారణం, అమ్మకందారు చెప్పినదాంట్లో సగం నిజం ఉండటమే. చిన్చిల్లా కూనలు చారలతో పుడతాయన్నది నిజం, పెరిగే కొద్దీ ఆ చారలు మాసిపోతాయన్నదీ నిజం. కాని బ్లూ కూనల ఒంటి మీద కూడా చిన్నతనంలో అటువంటి నీడ చారలే కనిపించి, కొన్ని నెలల్లో మాయమవుతాయి. కళ్ళ సంగతీ అంతే. కూనలన్నీ నీలి కళ్ళతోనే పుడతాయి కనుక, అసలు రంగు స్థిరపడేందుకు నెలలు పట్టే ఆ వయసులో కళ్ళను చూపి ఏ మాట చెప్పినా చెల్లిపోతుంది.

తేడా తెలిసేది వెంట్రుక మొదట్లో. సిల్వర్ రంగుకు కారణమైన జన్యువు వెంట్రుక కింది భాగంలో రంగు చేరకుండా ఆపుతుంది. చిన్చిల్లాలో రంగు సుమారు ఎనిమిదో వంతుకే, అంటే కొసలకే పరిమితమవుతుంది. ఆ కొసలు సిరాలో ముంచి తీసినట్లుంటాయి. షేడెడ్ సిల్వర్‌లో ఈ రంగు దాదాపు మూడో వంతు వరకు దిగుతుంది, స్మోక్‌లో ఇంకా కిందికి వస్తుంది. ఈ మూడింటిలోనూ చర్మం దగ్గర వెంట్రుక తెల్లగా ఉంటుంది. వీపు మీద, పక్కల మీద జుట్టును వేళ్ళతో విడదీసి పగటి వెలుగులో చూస్తే ఈ విషయం తెలిసిపోతుంది. రెండు నెలల కూనలో కూడా చూడవచ్చు. సిల్వర్ చిన్చిల్లా పెద్దయ్యాక ఇటుక రంగు ముక్కు, దాని అంచున, కళ్ళ చుట్టూ నల్లని గీత, ఆకుపచ్చ కళ్ళు కనిపించాలి. అయితే కళ్ళను మాత్రమే చూసి తీర్పు చెప్పరాదు. స్మోక్ పర్షియన్లకు కూడా రాగి కళ్ళే ఉంటాయి కనుక వెంట్రుక మొదలే ప్రధాన సాక్ష్యం.

ఇక ఆ వంశపత్రం. అందులో తండ్రి రంగు ‘బ్లూ’ అని, తల్లి రంగు ‘బ్లూ క్రీమ్’ (బూడిద, మీగడ రంగులు కలిసినది) అని, మా కూన రంగు ‘షేడెడ్ సిల్వర్’ అని రాసి ఉంది. ఈ మూడూ కలిసి నిజం కావడానికి వీల్లేదు. సిల్వర్ జన్యువు ప్రబలమైనది. తల్లిదండ్రుల్లో కనీసం ఒకరికి అది ఉంటేనే పిల్లకు వస్తుంది, తాత ముత్తాతల నుంచి దాగి వచ్చి హఠాత్తుగా బయటపడదు. తల్లి గాని తండ్రి గాని పూర్తి తెల్ల పిల్లి అయితే మాత్రం ఆ తెలుపు కింద ఏ రంగైనా కప్పబడి ఉండవచ్చు, కాని ఇక్కడ ఆ అవకాశమూ లేదు. అంతే కాదు, బ్లూ, క్రీమ్ అనేవి నలుపు, ఎరుపు (పిల్లుల్లో అంటే నారింజ) రంగులు పలచబడినప్పుడు వచ్చే రంగులు. పలచన రంగు తేవడానికి తల్లిదండ్రులిద్దరి నుంచి ఆ జన్యువు రావాలి కనుక, ఇద్దరూ పలచన రంగుల పిల్లులైతే వాటికి నల్ల కూన గాని ఎర్ర కూన గాని పుట్టదు. బ్లూ తండ్రికి, బ్లూ క్రీమ్ తల్లికి పుట్టే మగ కూనలు బ్లూ లేదా క్రీమ్, ఆడ కూనలు బ్లూ లేదా బ్లూ క్రీమ్. ఇంతకు మించి లేదు. గుంటూరులో ఇదే వ్యక్తి నుంచి నల్ల కూనను కొన్న మరొక కుటుంబం తమ కాగితం నకలును నాకు పంపింది. అందులోనూ ఇదే తండ్రి, ఇదే తల్లి! కాగితం ఒకటి తయారు చేసుకొని, కూన రంగును మాత్రం మార్చి ముద్రిస్తున్నారని వేరే చెప్పనవసరం లేదు.

ఈ సంగతి అడిగినప్పుడు వచ్చిన సమాధానం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. విజయవాడ ఎండలకు సిల్వర్ రంగు ముదిరి బ్లూ అయిందట. బెజవాడ ఎండలను నేను తక్కువ చేయను గాని, ఈ నేరం వాటిది కాదు. పిల్లుల్లో ఉష్ణోగ్రతను బట్టి మారే రంగు ఒకటున్నది నిజమే. అది హిమాలయన్ అని పిలిచే పాయింట్ రంగు. ఆ పిల్లుల్లో రంగును తయారు చేసే ఎంజైము వెచ్చగా ఉన్నచోట పనిచేయదు, చల్లగా ఉండే చెవులు, ముఖం, కాళ్ళు, తోక దగ్గర పనిచేస్తుంది. కాబట్టి వేడి వల్ల వాటి ఒళ్ళు లేత రంగులో ఉంటుందే తప్ప ముదరదు. నల్ల పర్షియన్ ఎండలో ఎక్కువగా తిరిగితే బొచ్చు తుప్పు రంగుకు తిరుగుతుంది, అదీ వెలిసిపోవడమే. వెండి రంగు ఎండకు బూడిద రంగవడం అనేది ఎక్కడా లేదు.

ఇదే బజారులో చెలామణి అవుతున్న మరికొన్ని మాటలను కూడా ప్రస్తావిస్తాను. మూడు రంగుల మగ కూనను ‘అరుదైన బ్రీడింగ్ మేల్’ అని అమ్ముతున్నారు. ఎరుపు రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, అది ఆడ పిల్లికి రెండు, మగదానికి ఒకటే కనుక ఎరుపు, నలుపు కలిసి ఉండేవి సాధారణంగా ఆడ పిల్లులే. అటువంటి మగది పుడితే చాలా వరకు దానికి అదనపు ఎక్స్ క్రోమోజోము ఉంటుంది, సంతానం కలగదు. అరుదన్నది నిజమే, బ్రీడింగ్ అన్నదే అబద్ధం. తెల్లని ఒళ్ళు, నీలి కళ్ళు ఉన్న కూనల్లో చెవిటితనం తరచుగా ఉంటుంది. కంటికి కనపడకుండా వెనుక నుంచి చప్పుడు చేసి చూడకుండా డబ్బు ఇవ్వకండి. ‘ట్రిపుల్ కోట్’ అనే మాటకు అదనంగా చెల్లించవలసిన అవసరం ఏమీ లేదు, అది అమ్మకందారుల మాటే తప్ప పిల్లుల జాతులను నమోదు చేసే ప్రధాన సంస్థల (రిజిస్ట్రీల) ప్రమాణాల్లోని వర్గం కాదు.

కాగితం విషయంలో గట్టిగా ఉండండి. అటువంటి రిజిస్ట్రీలైన, 1906లో అమెరికాలో ఏర్పడిన సీఎఫ్ఏ గాని, 1979లో మొదలైన టికా గాని ఇచ్చే పత్రంలో కూనకూ దాని తల్లిదండ్రులకూ నమోదు సంఖ్యలు ఉంటాయి. సీఎఫ్ఏ సంఖ్యలో ముందుండే అంకెలు జాతిని, రంగును, మగదో ఆడదో అన్నదానిని కూడా తెలుపుతాయి. మాకు ఇచ్చిన కాగితం మీద బంగారు రంగు ముద్ర ఉంది గాని ఏ సంఖ్యా లేదు. తల్లిని, కుదిరితే తండ్రిని, కళ్ళారా చూపించమనండి. తండ్రి హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉందంటే వీడియో కాల్‌లోనైనా దాని వీపు జుట్టును విడదీసి చూపమనండి. రంగుకు అదనపు ధర పెట్టేవారు పర్షియన్లలో వంశపారంపర్యంగా వచ్చే మూత్రపిండాల తిత్తుల జబ్బు, అంటే పీకేడీకి, తల్లిదండ్రుల డీఎన్ఏ పరీక్ష ఫలితాన్ని కూడా అడగడం ఎంతో మేలు. నా ఉద్దేశంలో డబ్బు పెట్టవలసినది రంగుకు కాదు, దానికే.

పెంపుడు జంతువుల దుకాణం నడిపేవారు 2018 నాటి నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేసుకోవాలి. మాకు అమ్మిన వ్యక్తి నమోదు పత్రం చూపలేదు, బిల్లు ఇవ్వలేదు, ఫోన్‌పే ద్వారా వ్యక్తిగత ఖాతాకే డబ్బు తీసుకొన్నారు. పిల్లిని తిరిగి ఇస్తే ‘అసలైన సిల్వర్’ మరొకటి ఇస్తామన్నారు. ఇంట్లో పిల్లలకు అలవాటైన పిల్లిని తిప్పి పంపే ప్రసక్తి లేదని, ధరల మధ్య తేడా 22,000 రూపాయలు తిరిగి ఇవ్వాలని చెప్పాము. అప్పటి నుంచి ఫోను ఎత్తడం లేదు. చెల్లింపు రసీదు, రంగు పేరు స్పష్టంగా ఉన్న వాట్సాప్ సందేశాలు, పశువైద్యులు రాసిచ్చిన కాగితం జతచేసి, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫిర్యాదు చేశాము. అక్కడ పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాము. వివాదం తలెత్తిన రెండేళ్ళలోపు అక్కడ ఫిర్యాదు చేయవచ్చు, 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్ళకు రుసుము కూడా లేదు. ఇదే విధంగా సిల్వర్ పేరుతో కూనను కొన్నవారు ముందుగా దాని వీపు జుట్టును విడదీసి చూసి, చర్మం దగ్గర తెలుపు లేకపోతే తమ కాగితంలో తల్లిదండ్రుల రంగులు ఏమని ఉన్నాయో సరిచూసుకొని, సందేశాలు వేటినీ చెరపకుండా భద్రపరచుకోగలరు.