వైజాగ్‌లో ఎండోస్కోపీ ప్యాకేజీ చూసి అడ్వాన్స్ కట్టేవాళ్ళు జాగ్రత్త

ఇంటికి వచ్చి రెండు గంటలైంది. కోపం చల్లారితే ఇందులో సగం రాయకుండా వదిలేస్తాను, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

ఎండోస్కోపీ (నోట్లోంచి గొట్టం పంపి కడుపు లోపల చూడటం), కొలనోస్కోపీ (కింద నుంచి పంపి పెద్దపేగు చూడటం) రెండూ కలిపి తక్కువకే చేస్తాం, సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోవచ్చు అంటూ ఈ మధ్య మన ఊళ్ళో అందరి ఫోన్లకీ వస్తున్న ప్యాకేజీ ఉంది కదా, ఆ ఆసుపత్రికే వెళ్ళాం.

నాన్నకి 67 ఏళ్ళు. హిమోగ్లోబిన్ 8.2కి పడిపోయింది. లోపల ఎక్కడైనా రక్తం పోతోందేమో చూడాలి, రెండు పరీక్షలూ చేయించండి అని మా డాక్టర్ గారు రాసిచ్చారు. యలమంచిలి నుంచి నాన్నని కూర్మన్నపాలెంలో మా ఇంటికి తీసుకొచ్చి, ఆ నంబరుకి ఫోన్ చేశాను. 3,500 అడ్వాన్స్ అన్నారు, వెంటనే కట్టేశాను. ‘రాత్రి పదింటి నుంచి ఏమీ తినకూడదు, పొద్దున్న ఏడున్నరకల్లా ఖాళీ కడుపుతో వచ్చెయ్యండి’ అన్నారు. జాగ్రత్తలేమైనా ఉంటే వాట్సాప్‌లో పెడతారా అని అడిగితే ‘అన్నీ ఇక్కడే చెప్తాం మేడమ్’ అని పెట్టేశారు.

నాన్న రోజూ ఏ మాత్రలు వేసుకుంటారో ఒక్కళ్ళూ అడగలేదు. షుగర్‌కి గ్లిమెపిరైడ్, రెండేళ్ళ కిందట గుండెకి స్టెంట్ వేసినప్పటి నుంచి రక్తం పలచబడే మాత్ర క్లోపిడోగ్రెల్, నెల రోజులుగా ఐరన్ మాత్ర. ఈ పరీక్షకి ముందు మూడింటి గురించీ డాక్టర్ చెప్పాల్సిందే అని నాకు ఈ రోజే తెలిసింది. పొద్దున్న ఆరింటికి ఆ షుగర్ మాత్ర నా చేత్తోనే ఇచ్చాను, ఒక గుక్క నీళ్ళతో. రోజూ వేసుకునేదే కదా అనుకున్నాను. తిండి లేకుండా వేస్తే షుగర్ పడిపోతుందని నాకు తట్టాలి. తట్టలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంది.

ఏడున్నరకి వెళ్ళాం. తొమ్మిది అయినా పిలవలేదు, మా తర్వాత వచ్చినవాళ్ళు ఇద్దరు లోపలికి వెళ్ళిపోయారు. నాన్న మాట్లాడటం మానేశారు. ఏసీలో కూర్చున్న మనిషికి చొక్కా తడిసిపోయింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది, వణుకుతోంది. నేను కౌంటర్ దగ్గరికి పరిగెత్తి, మా నాన్నకి షుగర్ ఉంది, ఏదో అయిపోతోంది, డాక్టర్‌ని పిలవండి అన్నాను. అక్కడున్న అతను కుర్చీలోంచి లేవలేదు. నాన్న వైపు ఒకసారి చూశాడు.

‘మేడమ్, ఆయన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టండి. ఇక్కడ మిగతా పేషెంట్లు భయపడతారు.’

ఈ మాటే అన్నాడు. ఆసుపత్రిలో నిలబడి అన్నాడు. పక్క గదిలో నర్సులున్నారు, డాక్టర్ ఉన్నారు, షుగర్ చూసే మిషన్ ఎక్కడో ఉండే ఉంటుంది. నలభై ఏళ్ళు బడిలో పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషిని, నా భుజం మీద వాలిపోతుంటే, నడిపించుకుంటూ బయటికి తీసుకెళ్ళాను. నేనెందుకు తీసుకెళ్ళాను? అక్కడే నిలబడి గట్టిగా అరవాల్సింది. ఆ నిమిషంలో వాళ్ళు చెప్పింది చెయ్యడమే తెలిసింది నాకు.

వాచ్‌మన్ చూశాడు. ‘ఏటమ్మా, అయ్యకి అలా చెమట్లు పట్టేస్తన్నాయి, షుగరేటి?’ అంటూనే ఎదురు బడ్డీకి పరిగెత్తి, రెండు చెంచాలు పంచదార ఎక్కువ వేయించి టీ తెచ్చాడు. పక్క మెడికల్ షాపు కుర్రాడు మిషన్ పట్టుకొచ్చాడు. సగం టీ తాగాక చూస్తే 58. డెబ్భైకి తగ్గితేనే జాగ్రత్తపడాలి, మరి తాగకముందు ఎంత ఉందో. పావుగంటకి నాన్న నా పేరు పిలిచారు. ఆ వాచ్‌మన్ డబ్బులు తీసుకోలేదు.

మళ్ళీ లోపలికి వెళితే అప్పుడు నర్సు కాగితం తీసి అడిగింది, పౌడర్ తాగారా అని. ఏ పౌడర్? పేగు శుభ్రం కావడానికి రెండు లీటర్ల నీళ్ళలో కలిపి తాగాలట, సగం ముందురోజు సాయంత్రం, సగం తెల్లవారుజామున. అది తాగకపోతే కొలనోస్కోపీలో ఏమీ కనిపించదు. అంటే నాన్న కళ్ళు తిరగకపోయినా ఈ రోజు పరీక్ష అయ్యేదే కాదు! ఎవరూ చెప్పలేదండీ అంటే కౌంటర్ అతను, ‘యూట్యూబ్‌లో చూసుకోలేదా మేడమ్’ అన్నాడు. అడ్వాన్స్ అడిగితే, టీ తాగించింది మీరే కాబట్టి స్లాట్ పోయింది, వెనక్కి రాదు అన్నాడు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. డబ్బు వస్తుందో రాదో. కానీ పరీక్ష ఆపడానికి లేదు, హిమోగ్లోబిన్ ఎందుకు పడుతోందో తెలియాలి. వచ్చే వారానికి వేరే చోట అడిగాను. నాన్న మాత్రం ‘అక్కడ లోపలే కూర్చోనిస్తారా?’ అని రెండుసార్లు అడిగారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ పరీక్ష ఉంటే, ఏం తినాలి, ఏం తాగాలి, ఎప్పుడు ఆపాలి అన్నది రాతపూర్వకంగా వచ్చాకే డబ్బు కట్టండి. వేసుకునే మాత్రలన్నిటి ఫొటో పంపి, ఏది ఆపాలో డాక్టర్‌నే అడగండి. రక్తం పలచబడే మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి, స్టెంట్ ఉన్నవాళ్ళు గుండె డాక్టర్‌ని అడగాల్సిందే. ఐరన్ సాధారణంగా వారం ముందే ఆపిస్తారట. షుగర్ ఉన్నవాళ్ళకి పొద్దున్న మొదటి స్లాటే అడగండి. మత్తు ఇస్తే ఆ రోజంతా బండి నడపకూడదు, తోడు మనిషి ఉండాలి. ఇంట్లో షుగర్ చూసే మిషన్ ఉంటే వెంట పట్టుకెళ్ళండి. నేను ఇప్పుడే ఒకటి కొన్నాను.