కురచ వేలికి కుదిరిన పిస్టల్: ఆరేళ్ల వాడకం

నా కుడి చూపుడు వేలు అందరి వేలంత పొడుగుండదు. 2012లో రొయ్యల చెరువు నీటికి గాలి కలిపే ఏరియేటర్ బెల్టు జారిపోతుంటే సరిచేయబోయి చెయ్యి పెట్టాను. చివరి కణుపులో సగం చెరువుపాలైంది. అన్నం కలుపుకోడానికి, సంతకం పెట్టడానికి ఏ ఇబ్బందీ రాలేదు కాబట్టి ఆ సంగతే మర్చిపోయాను. నాలుగేళ్ల తర్వాత లైసెన్సు చేతికొచ్చి, రివాల్వర్ కొని, మొదటిసారి కాల్పులు సాధన చేసే రేంజిలో నిలబడినప్పుడు మళ్లీ గుర్తొచ్చింది.

మా ఇల్లు నెల్లూరులో, వనామి రొయ్యల చెరువులు అల్లూరు మండలంలో ఇసకపల్లి దిక్కున. ఆక్వా చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు. పట్టుబడి రోజు, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజు, వలవాళ్లకి, కూలీలకి అక్కడికక్కడే నోట్లు లెక్కపెట్టి ఇవ్వాలి. తెల్లవారుజామున రెండు మూడు గంటలకి ఆక్సిజన్ చూసుకోడానికి గట్టు మీదికి ఒక్కడినే పోవాలి. ఇంట్లో మా నాయన కాలం నాటి 12 బోరు (బోరంటే గొట్టం లోపలి లావు లెక్క) జంట గొట్టాల తుపాకి ఉంది గానీ, దాన్ని భుజాన వేసుకుని మేతబస్తాల మధ్య తిరగలేం కదా.

మొదట కొన్నది కాన్పూరులో తయారయ్యే ప్రభుత్వ 32 బోరు రివాల్వర్. ఆరు తూటాలు, మూడంగుళాల గొట్టం, బరువు ముప్పాతిక కిలోకి కాస్త తక్కువ. పైన గొళ్లెం తీస్తే మధ్యకి విరిగినట్టు వంగి, పేలిన తూటాల ఖాళీ తొడుగులన్నీ ఒక్కసారే బయటికొస్తాయి. గట్టి వస్తువు, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. చిక్కంతా నా వేలితోనే. వెనక తూటాని కొట్టే సుత్తిని గుర్రం అంటారు. దాన్ని లేపకుండా నేరుగా ట్రిగ్గర్ లాగితే ఆ ఒక్క లాగుడుతోనే తూటాల చక్రం తిరగాలి, గుర్రం లేవాలి, మళ్లీ పడాలి. అందుకే ఆ లాగుడు పొడుగ్గా, బరువుగా ఉంటుంది. మామూలు వేలికి అది పెద్ద లెక్క కాదు. నా మొండి వేలికి మాత్రం ట్రిగ్గర్ అంచు మాత్రమే దొరికేది. లాగుతున్నంతసేపూ గొట్టం మూతి ఎడమకి తిరిగిపోయేది. పది మీటర్ల దూరంలో కాగితం పెడితే ఎక్కువ గుండ్లు దానికి ఎడం పక్క మట్టిలోకే పోయాయి. బొటనవేలితో గుర్రం లేపి కాలిస్తే బాగానే తగిలేవి. కానీ చీకట్లో, భయంలో ఉన్నవాడికి గుర్రం లేపుకోవాలని గుర్తుంటుందా?

మధ్య వేలితో కాల్చొచ్చు కదా అని అడిగినవాళ్లున్నారు. కాల్చొచ్చు. కానీ పిడిని పట్టుకునే పనిలో సగం మధ్య వేలిదే. అది ట్రిగ్గర్ మీదికి పోతే పట్టు వదులైపోతుంది.

మా మేనమామ సైన్యంలో పనిచేసి వచ్చినాయన. నా గోడంతా విని రివాల్వర్ తెమ్మన్నాడు. తూటాలు లేవని ఆయనోసారి చూసి, నాతో ఇంకోసారి చూపించి, వరండా గోడకి ఎదురుగా నిలబెట్టాడు.

"కళ్లు మూసుకోని ఆ క్యాలెండర్ వైపు చెయ్యి చాపరా అబ్బయా."

"మావా, దాంట్లో వెంకటేశ్వరసామి ఉండాడు."

"సామి మీద కాదురా, కింద తేదీల మీద పెట్టు. ఇప్పుడు కళ్లు తెరువు. ముందు గురి యాడ ఉండాది?"

నా చూపు ఒకచోట, గొట్టం మూతి మీదుండే ఆ గురి ముక్క ఇంకోచోట. ఐదుసార్లు చేస్తే ఐదుసార్లూ అంతే. మణికట్టు తిప్పి సరిచేసుకోవాల్సి వచ్చింది. "అది నీ చేతికి పుట్టింది కాదు, ఇంకోటి చూసుకో" అని లోపలికెళ్లిపోయాడు. తుపాకి కొనబోయేవాడికి ఇంతకంటే చవకైన పరీక్ష లేదు. షాపులో అడిగితే ఖాళీ తుపాకి చేతికిస్తారు. అది చేయకుండా జనం చేసేదేమిటంటే, అన్నిటికంటే చిన్నదేదో అడుగుతారు. చిన్నదైతే దాచుకోవచ్చు నిజమే, కానీ పిడి మీద రెండు వేళ్లే పట్టి చిటికెన వేలు గాల్లో వేలాడుతుంటే గురి నిలవదు.

మన దేశంలో మామూలు లైసెన్సుదారుకి 9 ఎం.ఎం. ఇవ్వరు, అది నిషేధిత బోరు. కాబట్టి నడుముకి పెట్టుకునేదంటే ఎక్కువమందికి 32 బోరే. ఈ 32 అనే మాటలో ఒక గజిబిజి ఉంది. రివాల్వర్ 32 వేరు, పిస్టల్ 32 వేరు. రివాల్వర్ తూటా పొడుగ్గా ఉండి, అడుగున వెడల్పాటి అంచు ఉంటుంది. పిస్టల్‌ది పొట్టిది, 7.65 ఎం.ఎం. అంటారు. దాని అంచు నామమాత్రం. ఒకటి ఇంకోదాంట్లో వాడకూడదు. తూటాలు కొనేటప్పుడు లైసెన్సు పుస్తకంలో ఏది రాసుందో మీరే చూసుకోండి.

2019 చివర్లో ఆయుధాల చట్టం మారింది. అప్పటిదాకా ఒక మనిషికి మూడు తుపాకులుండొచ్చు, ఇప్పుడు రెండే. లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ల నుంచి ఐదేళ్లకి పెంచారు. నాయన తుపాకి వదులుకునే ప్రశ్నే లేదు, అంటే పిస్టల్ కావాలంటే రివాల్వర్ పోవాలి. అనుమతులన్నీ తీసుకుని దాన్ని ఇంకో లైసెన్సుదారుకి అమ్మి, 2020లో ఒక పెద్దాయన దగ్గర పాత బ్రౌనింగ్ 1910 తీసుకున్నాను. విదేశీ తుపాకుల దిగుమతి 1980ల మధ్యలోనే ఆగిపోయింది కాబట్టి ఇవి చేతులు మారడమే తప్ప కొత్తవి రావు. ధర అడక్కండి, ఆ డబ్బుకి ఒక చెరువుకి ఏరియేటర్లన్నీ కొత్తవి వచ్చేవి.

దాని పేరులోనే పుట్టిన సంవత్సరం ఉంది. జాన్ బ్రౌనింగ్ గీసిన నమూనా, బెల్జియంలో తయారీ. 1914లో సరయేవోలో ఆస్ట్రియా యువరాజు మీద పేలింది ఈ రకమే, కాకపోతే అది 380 బోరుది. మా మావకి ఆ కథ చెబితే "నీకు రొయ్యలు కాపాడితే చాల్లే" అన్నాడు.

నాకు కుదిరింది ఎందుకంటే దీని ట్రిగ్గర్ చేసే పని ఒక్కటే. గొట్టం మీద కప్పినట్టుండే స్లయిడ్‌ని వెనక్కి లాగి వదిలినప్పుడే తూటాని కొట్టే లోపలి సూది బిగుసుకుని కూర్చుంటుంది, ట్రిగ్గర్ దాన్ని వదిలేస్తే సరి. కొంచెం దూరం, కొంచెం బలం. నా మొండి వేలు పూర్తిగా దాని మీద కూర్చుంటుంది. క్యాలెండర్ పరీక్షలో మొదటిసారే గురి తేదీ మీద నిలిచింది, నేనే నమ్మలేదు. పిడి వెనక ఒక మీట ఉంటుంది, అరచేత్తో గట్టిగా పట్టుకుంటే తప్ప పేలదు. పిడిలో తూటాలుండే డబ్బా, అంటే మ్యాగజైన్, తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయదు. అలాగని గొట్టంలో తూటా లేదనుకోకూడదు, స్లయిడ్ లాగి కళ్లతో చూడాలి. బయటికి పొడుచుకొచ్చే గుర్రం లేదు కాబట్టి చొక్కాకి ఎక్కడా తగులుకోదు. మ్యాగజైన్లో ఏడు. బరువు అరకిలో దాటి ఇంకో వంద గ్రాములకి లోపే.

లోపాలూ ఉన్నాయి. గురి గీతలు చీమంత. సాయంత్రం ఆరు దాటితే నలభై ఏడేళ్ల కళ్లకి ఆనవు. మ్యాగజైన్ గొళ్లెం పిడి అడుగున ఉంటుంది, మార్చాలంటే రెండు చేతులూ కావాలి. లోపల సూది బిగించి తిరగడం నాకు భయం. వయసైపోయిన తుపాకి, రోజంతా గుంతల్లో బండి. అందుకే గొట్టంలో తూటా లేకుండానే పెట్టుకుంటాను. అవసరానికి అర క్షణం ఆలస్యమవుతుందని ఎవరైనా అంటే అననీ.

నడుముకి పెట్టుకోవడం వేరే కథ. గట్టు మీద అందరం లుంగీలే. మొలతాడుకి పిస్టల్ కట్టలేం. కాబట్టి డబ్బు చేతిలో ఉండే రోజు ప్యాంటు, మందపాటి తోలు బెల్టు. మెత్తటి బెల్టు అయితే పిడి బయటికి ఒరిగి చొక్కా కింద గూనిలా కనబడుతుంది. నెల్లూరులో చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర పిస్టల్ పెట్టుకునే తోలు ఒర, అదే హోల్‌స్టర్, చేయించాను. మే నెల ఎండలో చెమట తోలులోంచి దిగి స్లయిడ్ మీద మచ్చలు పడ్డాయి. అప్పుడు ఇంట్లో ఉన్న పాత ఎక్స్‌రే ఫిల్మ్ కత్తిరించి రెండు పొరల మధ్య పెట్టి కుట్టించాను. అప్పటి నుంచి మచ్చ లేదు. నాకింతవరకు వచ్చిన గొప్ప ఆలోచన ఇదే అనుకుంటా.

దాచి పెట్టుకోవడం సోకు కోసం కాదు. 2016 ఆయుధ నియమాల ప్రకారం జనంలోకి వెళ్లేటప్పుడు హోల్‌స్టర్‌లో, పైకి కనపడకుండా, మన అదుపులో ఉండాలి. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి పేల్చే సరదా ఉన్నవాళ్లకి రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగకి పోయే రోజు నేను పిస్టల్‌ని బీరువాలోనే పెట్టి తాళం వేస్తాను. అంత తోపులాటలో ఎవరి మోచెయ్యి ఎక్కడ తగులుతుందో తెలీదు. మద్రాసు వెళ్లినా అంతే. నా లైసెన్సు మన రాష్ట్రం వరకే, తడ దాటితే చెల్లదు.

తుప్పు గురించి చెప్పాలి. 2024 మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది, లైసెన్సున్న అందరిలాగే నేనూ రెండు తుపాకులూ స్టేషన్లో అప్పగించాను. లెక్కింపు జూన్ 4న. తిరిగి చేతికొచ్చేసరికి దగ్గర దగ్గర మూడు నెలలు. తప్పు నాదే, హడావుడిలో చెమట హోల్‌స్టర్‌తో సహా ఇచ్చేశాను, నూనె గుడ్డ చుట్టలేదు. గొట్టం చుట్టూ ఉండే స్ప్రింగు ఎర్రబడింది. మ్యాగజైన్ నిండా తూటాలు వేసి ఏళ్ల తరబడి వదిలేసిన పాపానికి దాని స్ప్రింగు కూడా నీరసించి, చివరి తూటా పైకి రావడం మానేసింది. రెండూ మార్పించడానికి లైసెన్సున్న మరమ్మతు షాపు చుట్టూ నాలుగు నెలలు తిరిగాను. ఇప్పుడు సముద్రపు గాలికి వారానికోసారి నూనె గుడ్డ, మ్యాగజైన్లో ఆరే.

ఆరేళ్లలో మనిషి మీదికి ఒక్కసారి కూడా తీయలేదు. ఒకసారి పట్టుబడి డబ్బుతో వెళ్తుంటే కాలవ కట్ట మీద రెండు మోటారు సైకిళ్లు అడ్డంగా నిలబడి ఉన్నాయి. చెయ్యి చొక్కా కిందికి పోయిన మాట నిజం. కానీ నేను చేసింది రివర్సు గేరు వేసి, హారన్ మీద చెయ్యి తీయకుండా ఊళ్లోకి వచ్చేయడం. వాళ్లు దొంగలో, పెట్రోలు అయిపోయినవాళ్లో ఇప్పటికీ తెలీదు.

మొన్న మా ఆవిడ తనూ లైసెన్సుకి దరఖాస్తు పెడతానంది. ఖాళీ చేసి, రెండుసార్లు చూసి, పిస్టల్ చేతికిచ్చాను. ట్రిగ్గర్ బాగుందంది, కానీ స్లయిడ్ వెనక్కి రాలేదు. రెండు చేతులూ ఎర్రబడేదాకా లాగింది. ఆమె వేళ్లు నావికంటే పొడుగు. తనకి కావాల్సింది స్లయిడ్ లేనిది, ట్రిగ్గర్ దూరంగా ఉన్నా పర్వాలేనిది. అంటే నేను అమ్మేసిన రివాల్వరే. కొన్నాయనకి ఫోన్ చేశాను. నవ్వి, ఇవ్వనన్నాడు.